పైపు పట్టుకున్నది ఎవరు?

నేను చెప్పే మాటలో ఆవగింజంత కల్తీ ఉండదు. పుప్పాలగూడలో ఎవరినైనా అడగండి. మా అపార్ట్‌మెంటు కట్టకముందు ఇక్కడొక బండరాయి ఉండేదనీ, దాన్ని నేను భుజంతో అలా పక్కకు జరిపాననీ చెబితే ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అలాగే ఈ సీతారామాంజనేయులు కథలో కూడా ఒక్క ముక్క కల్పించలేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆయనది మా నాలుగో అంతస్తు. పేరు పూర్తిగా పలికేలోపు లిఫ్టు పైకి వెళ్లి కిందికి కూడా వచ్చేస్తుంది కనుక అందరూ ఆంజనేయులు అంటారు. నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడలో ఉద్యోగం. భార్య ఉమాశ్రీది ఆ పక్క అద్దాల మేడ. ఆయన ప్రోగ్రాములు రాస్తాడు, ఆవిడ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుంటుంది. పగలు ఊళ్లోవాళ్ల తప్పులు, ఇంటికొచ్చాక మొగుడివి. జీతం మాత్రం ఒక్కచోటే ఇస్తున్నారని ఆవిడ బాధ.

ఆంజనేయులుకు బొమ్మల పిచ్చి. ‘ట్యాంకర్ వీరుడు’ అని ఒక బొమ్మల కథ సొంతంగా గీసి, సొంతంగా మాటలు రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. వేసవిలో మన వైపు నీళ్లుండవు కదా. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన నీళ్ల ట్యాంకర్‌ను ఆ వీరుడు నెత్తిన పెట్టుకుని, ఔటర్ రింగు రోడ్డు మీదుగా ఎగిరివచ్చి, అపార్ట్‌మెంటు కింది నీళ్ల సంపు నింపి పోతాడు. అదీ కథ.

పుస్తకం ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టాడు. చదివినవాళ్లు నక్షత్రాలు వేసి, కింద అభిప్రాయాలు రాయడం మొదలుపెట్టారు. తంటా అక్కడ మొదలైంది.

వాళ్ల ఆఫీసులో ప్రోగ్రాము పని చెయ్యడం లేదని ఎవరైనా ఫిర్యాదు పెడితే దాన్ని టికెట్ అంటారు. జవాబు రాసి టికెట్ మూసెయ్యడం ఆంజనేయులు పని. ఏళ్ల తరబడి అదే పని చేసి చేసి వేళ్లకు అలవాటైపోయింది.

‘వీరుడికి ఒక పేజీలో మీసం ఉంది, తర్వాతి పేజీలో లేదు’ అని ఒకాయన రాశాడు. ఆంజనేయులు జవాబు: ‘పరిశీలించాం. మా కంప్యూటర్‌లో మీసం కనబడుతోంది. టికెట్ మూసేస్తున్నాం.’

‘కథ చప్పున అయిపోయింది’ అని ఇంకొకాయన. ‘ఇది తప్పు కాదు, అలాగే రూపొందించాం. టికెట్ మూసేస్తున్నాం.’

పాపం ఒకావిడ ‘చాలా బాగుంది’ అని రాసింది. ఆవిడకు కూడా, ‘మీ సమస్య ఏమిటో వివరంగా తెలపగలరు’ అని జవాబు వెళ్లింది.

కొండాపూర్‌లో బొమ్మల పుస్తకాల సంత దగ్గరపడుతోంది. అందులో స్టాలు తీసుకుని, ‘రెండో భాగం విడుదల’ అని బోర్డు కూడా రాయించాడు. సంతలో రెండో భాగం పెట్టలేకపోతే ఇక బొమ్మ ముట్టనని లిఫ్టు దాకా వినబడేలా శపథం కూడా పట్టాడు. బోర్డు సిద్ధం, శపథం సిద్ధం. పేజీలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

“ఏవండీ, రెండో భాగం ఎంతవరకూ వచ్చింది?” అంది ఉమాశ్రీ.

“ముందు వీళ్లకు జవాబు చెప్పాలి కదా ఉమా. పాఠకుడంటే దేవుడు.”

“దేవుడికి ఎవరైనా టికెట్ మూసేశామని చెబుతారా అండీ?”

“నీకు సాహిత్యం తెలియదు.”

“నిజమే. మిమ్మల్ని చేసుకున్నప్పుడే తెలిసిపోయింది, నాకేమీ తెలియదని. మా ఆఫీసు మొత్తానికి సంతకు రమ్మని చెప్పాను. వాళ్లకేం చూపించాలి, బోర్డా?”

సరిగ్గా అప్పుడు ఫోను కుయ్‌మంది. ‘ఉప్పు తక్కువ’ అని పేరు పెట్టుకున్న ఎవరో రెండే రెండు నక్షత్రాలు వేసి, కింద ఇలా రాశారు:

‘వీరుడు ట్యాంకర్ మోసుకొచ్చిండు, మంచిదే. మరి సంపుల పైపు ఎవరు పట్టుకున్నరు? ప్రతి పేజీల ఒకామె పైపు పట్టుకొని నిలబడ్డది. వీరుడి భార్యనంట. ఆమెకు పేరు లేదు, మాట లేదు, ముఖం లేదు. అంతా వీపే. ముఖం గీయరాదా, గీయాలంటె భయమా?’

ఆ పూట ఆంజనేయులు పప్పు సరిగ్గా కలుపుకోలేదు. ఎందుకంటే అది నిజం. మొదట్లో ఆయన ఉమాశ్రీని చూసే ఆ భార్య ముఖం గీశాడు. ఆవిడ కాగితం అందుకుని, “ఇది నా ముక్కా, చింతకాయా?” అంది. ఆ రోజు నుంచీ వీరుడి భార్య లోకానికి వీపు తిప్పుకుని నిలబడింది.

దీనికి టికెట్ మూస్తే సరిపోదని ఆయనకు అర్థమైంది. బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. ‘సాహితీ పిపాసి’ అని ఒక దొంగ పేరు పుట్టించాడు. ఫొటోకు ఏం పెట్టాలో తోచక, బాల్కనీలో చామంతి కుండీని, వెనక దండెం మీద ఆరుతున్న ఆకుపచ్చ తువ్వాలుతో సహా ఫొటో తీసి తగిలించాడు. ఊరు కాకినాడ అని రాశాడు. ఇక సాహితీ పిపాసి గొంతు విప్పింది.

‘ఈ రచయిత మహా ప్రతిభావంతుడు. వీపులోనే ముఖాన్ని చూపించగల చెయ్యి అది.’

ఉప్పు తక్కువ ఊరుకోలేదు. ‘వీపుల ముఖం కనబడుతుందంటె జర కండ్ల దవాఖానకు పోయి చూపెట్టుకోండ్రి.’

పిపాసికి పౌరుషం వచ్చింది. ‘ఆయన్ని నేను దగ్గర నుంచి ఎరుగుదును. ఆడవాళ్లంటే ఆయనకు ఎంత గౌరవమో. తెల్లవారకముందే లేచి భార్యకు కాఫీ కలిపి మంచం దగ్గరికి అందిస్తాడు. గిన్నెలు తోముతాడు. ఉతికిన బట్టలు మడత పెడతాడు. ఇంతటితో ఈ టికెట్ మూసేస్తున్నాను.’

వంటింట్లో ఆంజనేయులుకు తెలిసిన వస్తువు ఫ్రిజ్జు ఒక్కటే. అయినా రాసే చేతికి అడ్డేముంది? ఈ వాగ్వాదం ఎంత రంజుగా సాగిందంటే, అది చదువుతూ లిఫ్టు ఎక్కినవాళ్లు దిగడం మరచిపోయి పైకీ కిందికీ తిరుగుతూ ఉండేవారు.

“ఏవండీ, ఈ సాహితీ పిపాసి ఎవరండీ?” అంది ఉమాశ్రీ, ఫోను చూస్తూ.

“ఎవరో అభిమాని. కాకినాడ అనుకుంటాను.”

“కాకినాడా?” అని ఆవిడ ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, వంటింట్లోకి వెళ్లింది. కాసేపు గిన్నెలు కూడా నవ్వినట్టు చప్పుడైంది.

చివరికి ఉప్పు తక్కువ సవాలు విసిరింది. ‘ఆయన సంగతి మీకు గంత ఎరుకైతె సంతకు రాండ్రి. నేను గూడ వస్త. ముఖాముఖి మాట్లాడుకుందాం.’ ఆంజనేయులు బుర్ర ఆలోచించేలోపే వేళ్లు ‘తప్పక వస్తాను’ అని కొట్టేశాయి.

ఇప్పుడు లేని మనిషిని ఎక్కడ నుంచి తేవడం? కిందికి దిగి, మా వాచ్‌మన్ యాదయ్యను పక్కకు పిలిచాడు.

“యాదయ్యా, ఆదివారం ఒక్క గంట నువ్వు సాహితీ పిపాసివి కావాలి.”

“గదేంది సార్?”

“సాహిత్యం కోసం దాహంతో ఉండే మనిషి.”

“దూపైతె నీళ్లు తాగాలె గని, పేరు పెట్టుకుంటె తీరుతదా సార్?”

“నువ్వు తాగొద్దు, పెట్టుకోవద్దు. సంతకు వచ్చి, ఈ సార్ ఇంట్లో గిన్నెలు తోముతాడు, నేను చూశాను అను. అంతే.”

“గదెట్లంట సార్? నేను చూడలే గద.”

“చూసినట్టే చెప్పు. మేడమ్‌కి మాత్రం చెప్పకు.”

“మీరు ఫికర్ చెయ్యకుండ్రి సార్.”

ఆ మాట నమ్మి ఆంజనేయులు నిశ్చింతగా పైకి వెళ్లాడు. ఎవరొచ్చారు, ఎవరు పోయారు, ఏం మోసుకెళ్లారు అని మేడమ్‌లకు చెప్పడమే యాదయ్య ఉద్యోగం అన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

ఆదివారం సంత కిటకిటలాడింది. నెత్తిమీద ‘రెండో భాగం విడుదల’ అని బోర్డు, బల్ల మీద పాత మొదటి భాగం, బల్ల వెనక తల దించుకుని ఆంజనేయులు. ఉమాశ్రీ ఆఫీసు వాళ్లంతా అప్పుడే వచ్చి నిలబడ్డారు. ఇంతలో భుజాన సంచీతో ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో ‘ట్యాంకర్ వీరుడు’ ఉంది. అంచులు నలిగిపోయి, అట్ట మీద పసుపు మరక పడి ఉంది.

“నమస్తే సార్. నా పేరు స్వప్న. నిజాంపేట హాస్టల్ల ఉంట. ఉప్పు తక్కువ నేనే.”

అప్పటిదాకా ఆంజనేయులు, ఉప్పు తక్కువ అంటే ముక్కు మీద కళ్లజోడున్న ఏ పండితుడో అనుకున్నాడు.

“రెండో భాగం ఏది సార్?”

ఆయన బోర్డు వైపు చూశాడు. బోర్డు ఆయన వైపు చూసింది.

“పోనీ, సాహితీ పిపాసి ఏరి?”

ఆయన యాదయ్య కోసం గుంపులో వెతుకుతున్నాడు. గుంపు చీల్చుకుని ఉమాశ్రీ వచ్చింది. “నేనేనమ్మా సాహితీ పిపాసిని,” అంది.

ఆంజనేయులుకు తాగుతున్న టీ అడ్డం పడింది. ఆవిడ కాదని చెప్పాలంటే తానే అని చెప్పాలి. చెప్పకపోతే ఆవిడే అవుతుంది. దగ్గుతూ కూర్చున్నాడు.

“అయితె మేడమ్, మీరు రాసిందంత నిజమేనా? కాఫీ, గిన్నెలు?”

“రేపటి నుంచి అక్షరాలా నిజం. కదా అండీ?”

“అ... అవును.”

“బట్టలు మడత పెట్టుడు?”

“అదీ ఆయనే,” అంది ఉమాశ్రీ. ఆఫీసు వాళ్లు చప్పట్లు కొట్టి, సాక్ష్యానికి వీడియో కూడా తీశారు.

స్వప్న కొంచెం తగ్గింది. “కోపంతోని రాయలే సార్. బాగలేని పుస్తకానికి నేను గింత రాయను. మా హాస్టల్‌కు ట్యాంకరొస్తె పైపు పట్టుకునేది నేనే. పుస్తకంల నన్ను నేను చూసుకుందామనుకున్న. చూస్తె వీపున్నది.”

ఆంజనేయులు ఆ పిల్ల చేతులు చూశాడు, పైపు బరువు తెలిసిన చేతులు. మొదటి భాగం తెరిచి, ఆ వీపును కూడా చూశాడు.

ఉమాశ్రీ తన సంచీలోంచి తెల్ల కాగితాలు, ఆయన పెన్నులు తీసి బల్ల మీద పెట్టింది. “రెండో భాగం ఇక్కడే, మీ అందరి ముందే మొదలవుతుంది,” అని ప్రకటించి, పక్క స్టాలు వాళ్ల గొడుగు అడిగి తీసుకుని, పైపు పట్టుకున్నట్టు పట్టుకుని ఆయనకు ఎదురుగా నిలబడింది.

“ముక్కు...” అన్నాడాయన గొణుగుతూ.

“ముక్కు సంగతి ఇంటికెళ్లాక చూసుకుందాం. గీయండి.”

గీశాడు. ముక్కు చెరిపి మళ్లీ గీశాడు. జనం చూస్తుండగా వీరుడి భార్య మొట్టమొదటిసారి ఇటు తిరిగింది. ఆవిడకు ఒక మాట కూడా వచ్చింది: ‘పైపు పట్టుకున్నాను. ఇక నువ్వు ట్యాంకర్ దించు.’

స్వప్న చాలాసేపు చూసి ఫోను తీసి అక్కడికక్కడే రాసింది. ‘ముఖం వచ్చింది. మూడు నక్షత్రాలు. కడమ నక్షత్రాలు పుస్తకం చేతికొచ్చినంక.’

ఆంజనేయులు దానికి ఒకే ఒక్క వాక్యం జవాబిచ్చాడు. ‘ఈ టికెట్ తెరిచే ఉంచుతున్నాను.’

తిరుగు దారిలో షేర్ ఆటోలో ఆయన మెల్లగా అడిగాడు. “నీకెలా తెలిసింది ఉమా?”

“నా ఆకుపచ్చ తువ్వాలు కాకినాడలో ఎందుకు ఆరుతుందండీ? పైగా అభిమానులెవరూ టికెట్లు మూయరు. మిగిలింది యాదయ్య చెప్పాడు.”

శపథం సంగతి ఆవిడ ఎత్తలేదు. రెండో భాగం సంతలో పుట్టిందా లేదా అన్నది వాదనకు నిలుస్తుంది కనుక ఆయనా ఎత్తలేదు. ఇప్పుడు రోజూ కాసిని పేజీలు అవుతున్నాయి. పొద్దున్నే నాలుగో అంతస్తు నుంచి కాఫీ వాసన వస్తోంది. ఇంటర్నెట్‌లో సాహితీ పిపాసి ఖాతా తాళం ఉమాశ్రీ చేతికి వచ్చింది. నిన్న పిపాసి రాసింది: ‘కాఫీలో చక్కెర ఎక్కువ. రెండు నక్షత్రాలు. రేపు మెరుగుపడుతుందని ఆశ ఉంది.’

ఇదంతా ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఒక్క చింతకాయ తప్ప. ఉమాశ్రీ ముక్కు గురించి ఆ మాట ఎప్పుడూ అనలేదు, అది నేను కలిపాను. వీపే ఎందుకు గీశావయ్యా అని ఆంజనేయుల్ని అడిగితే, ఎన్నిసార్లు గీసినా ఆవిడలా రాలేదు బాబాయ్ అన్నాడు. అలా చెబితే నవ్వరేమోనని చింతకాయ పెట్టాను. ఆవిడ ఈ కథ కూడా చదువుతుందట. నక్షత్రాలు వేసే ముందు ఈ సంగతి తెలిస్తే మంచిదని ముందే ఒప్పేసుకుంటున్నాను.

బండరాయి మాత్రం నేనే జరిపాను.