తాగుబోతుల కొట్టు ముందు వరస

ఆ శనివారం పొద్దున్న బెరిల్ పార్ఫిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తాను వచ్చినవాళ్లకు చూపించే పాతకాలపు ఖైదు గది, అంటే తాగుబోతుల కొట్టు ముందు, మధ్యాహ్నం దాకా ఒంటరిగా ఉండాలి. పట్టణ సంఘం సభ్యుడు క్రడాక్ గారు వచ్చి, అక్కడ నరమానవుడు లేకపోవడం కళ్లారా చూడాలి. చూసి, దీన్ని మూసేద్దామని తనంతట తానే అనాలి. ఆవిడ పెట్టె సర్దుకుని సముద్రం ఒడ్డున ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుంది.

ఈ పని మానేస్తానని ఒక్క మాట చెప్పొచ్చు కదా అంటే, వాళ్ల ఊరు మార్ల్‌కోట్‌లో అలా ఎవరూ చెప్పరు. జీతం లేని కొలువులోంచి మనిషి చచ్చి బయటపడాలి, లేదంటే కొలువే ముందు చావాలి. ఏళ్ల తరబడి ఆ చలిలో నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న బెరిల్, ఈ రెండోదాని మీదే ఆశ పెట్టుకుంది.

ఊళ్లో చూడవలసినవాటిలో మొదటిది కోట, అంటే ఒకటిన్నర గోడ. తర్వాత చర్చిలో ముక్కు విరిగిన రాతి వీరుడు. అందరూ అలిసిపోయాక మిగిలేది ఈ కొట్టు. పూర్వం తప్పతాగి అల్లరి చేసినవాళ్లను తెల్లారేదాకా ఇందులో పడేసేవారు. లోపల ఒక రాతి అరుగు, ఒక ఇనుప కడియం ఉన్నాయి. మిగతాదంతా చెమ్మ.

తాళంచెవి చర్చి పెద్ద కీత్ దగ్గర ఉంటుంది. అతను ఎప్పటిలాగే ఆలస్యం చేశాడు. సన్నగా తుంపర మొదలైంది. చూరు కింద తలదాచుకుందామని బెరిల్ తలుపుకి దగ్గరగా, తలుపు వైపే తిరిగి నిలబడింది. ఆవిడ చేసిన తప్పు అదే.

వెనక ఎవరో సుతారంగా దగ్గారు. తిరిగి చూస్తే వానకోటు వేసుకున్న పెద్దమనిషి, పక్కన ఆయన భార్య.

"వరస ఇదేనాండీ?" అన్నాడాయన.

"వరసేం కాదండీ. నేను ఊరికే నిలబడ్డాను."

"అయితే మీ వెనకాల మేమూ ఊరికే నిలబడతాం" అని ఆయన కన్ను గీటాడు.

వాళ్లను పంపించేద్దామని బెరిల్ ఉన్నమాటే చెప్పింది. "లోపల చూడ్డానికి పెద్దగా ఏం లేదండీ. నిజంగా చెబుతున్నాను."

ఆ దేశంలో గొప్పలు చెప్పుకోరు; పతకం గెలిచినవాడు కూడా ఏదో అలా గడిచిపోయిందంటాడు. పెద్దగా ఏం లేదన్నారంటే లోపల ఏదో పెద్దదే ఉండి తీరాలి. భార్య మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"విన్నావా రాయ్? పెద్దగా ఏం లేదట!"

"చీకటమ్మా, కంపు కూడానూ" అంది బెరిల్, ఇంకాస్త ప్రాధేయపడుతూ.

"అంటే అసలు సిసలుదన్నమాట!"

ఇద్దరు నిలబడితే మూడోవాడు ఆగుతాడు. ఐదుగురైతే బస్సు దిగినవాళ్లంతా చేరతారు. దేనికోసమని ఒక్కరూ అడగలేదు. అలా అడిగితే దొంగదారిన ముందుకి దూరడానికి వచ్చాడనుకుంటారు. తమలో తాము మాత్రం గుసగుసలాడుకున్నారు. లోపల పడి ఉండినవాడు వరస మొదట్లో ఖైదీ, మధ్యకొచ్చేసరికి దొర, తోక దగ్గర రాజుగారే అయ్యాడు. కోట దగ్గర టిక్కెట్లిచ్చే అమ్మాయి, ఎవరూ రావడం లేదేమిటా అని చూడబోయి, తనూ వచ్చి నిలబడింది.

అంతలో క్రడాక్ గారు గొడుగేసుకుని రానే వచ్చారు. నేరుగా తన దగ్గరికి వస్తారని బెరిల్ అనుకుంటే, తిన్నగా వెళ్లి తోక చివర నిలబడ్డారు.

"క్రడాక్ గారూ! మీరిటు ముందుకొచ్చేయండి. ఒక్కసారి చూసి వెళ్లిపోదురు గాని!"

ఆయన ముఖం పాలిపోయింది. "వీళ్లందర్నీ తోసుకునా? అదేం మాటమ్మా!" వరసంతా ఆయన్ని మెచ్చుకోలుగా, బెరిల్‌ని మరోలా చూసింది.

వరస ఒక్క అడుగు కూడా కదలలేదు. కదలని కొద్దీ లోపలున్నదాని విలువ పెరిగింది. వాన కూడా పెరిగింది. బెరిల్ మేజోళ్లు తడిసి ముద్దయ్యాయి. ఈ కీత్ ఎక్కడ చచ్చాడో అని ఆవిడ మెడ సాచి చూసింది. కీత్ క్రడాక్ గారి వెనకాల నిలబడి బిస్కట్టు తింటున్నాడు.

"నువ్వక్కడేం చేస్తున్నావయ్యా?" అని బెరిల్ అరిచింది. జన్మలో ఆవిడ వీధిలో అరవడం అదే మొదలు.

"నా వంతు కోసం చూస్తున్నానండీ!"

"తాళంచెవి నీ దగ్గరే కదా ఉంది!"

"ఉందండీ. కానీ వీళ్లంతా నాకంటే ముందొచ్చారు కదా?"

అది న్యాయమేనని వరసలో చాలామంది తలూపారు. చివరికి తాళంచెవిని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని ముందుకి పంపించారు. తీసుకున్న ప్రతివాళ్లూ థాంక్స్ చెప్పారు, ఇచ్చిన ప్రతివాళ్లూ సారీ చెప్పారు.

బెరిల్ తలుపు తెరిచింది. రాయ్ దంపతులు లోపలికెళ్లి, అరుగునూ కడియాన్నీ చూసి, కాసేపు ఒకరినొకరు చూసుకుని బయటికొచ్చారు. అంతసేపు వానలో నానినవాళ్లు ఏమీ లేదని ఏ ముఖంతో చెబుతారు?

"చాలా బాగుంది" అన్నాడు రాయ్, నీళ్లోడుతున్న వరసకేసి చూస్తూ.

తర్వాత వెళ్లినవాళ్లు ఆ మాట కంటే తక్కువ చెప్పలేకపోయారు. క్రడాక్ గారి వంతు వచ్చేసరికి అది అద్భుతమైపోయింది. ఆయన లోపల చాలాసేపే ఉండి, కళ్లు తుడుచుకుంటూ వచ్చారు.

"బెరిల్ గారూ, నిజం చెప్పాలంటే దీన్ని మూయించేద్దామనే వచ్చాను. ఎంత పాపం చేయబోయాను! ఇహ ఆదివారాలు కూడా తెరుద్దాం. మీరు లేకపోతే ఇది లేదు."

బెరిల్ చెయ్యి తలుపుని పట్టుకునే ఉంది. ఇప్పుడు చెప్పకపోతే మరింకెప్పటికీ చెప్పడం కుదరదు. "నాకు ఓపిక లేదండీ. అలిసిపోయాను. మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోవాలని ఉంది" అంది.

క్రడాక్ గారు పగలబడి నవ్వారు. కీత్ నవ్వాడు. రాయ్ భార్య బెరిల్ భుజం తట్టి "భలే చమత్కారం మీది!" అంది.

బెరిల్ నవ్వకుండా చెప్పి ఉంటే నమ్మేవాళ్లేమో. కానీ బుద్ధెరిగినప్పటినుంచి ఆవిడ తన కష్టాన్ని నవ్వకుండా ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళా నవ్వుతూనే చెప్పింది. ముఖం మీద ఆ నవ్వు అలాగే ఉండగా, లోపల మాత్రం ఏడుపు వచ్చింది.

ఆదివారాలు కూడా తెరిచి ఉంటుందన్న బోర్డు ఆ సాయంత్రం బెరిలే రాసింది, ఆవిడ దస్తూరి బాగుంటుందని అందరూ అన్నారు.