అందరూ తోసిన బండి

ఆ ఉదయం బొలుంబు రేవుకు వెళ్ళదలచుకోలేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడిన నాటినుంచీ చేత్తో తిప్పే మూడు చక్రాల బండే ఆమెకు నడక. దాని మీద సరుకేసుకుని, కాంగో నది దాటి, అవతలి ఒడ్డున అమ్మడమే బతుకు. ఆ బతుకు వల్లే, కూతురు ప్లమెడీ బడి పండగలో పద్యం చెప్పిన మూడేళ్ళూ ఆమె నది మధ్యలో ఉండిపోయింది. ఈసారి తక్కిన తల్లుల పక్కన, మొదటి వరసలో కూర్చుని తీరాలి. పిల్ల తలెత్తితే తను కనబడాలి. అంతకు మించి ఆశ లేదు.

"పదింటికే అమ్మా! నువ్వొచ్చేదాకా నోరు విప్పను," అని ప్లమెడీ ముందే బెదిరించి వెళ్ళింది.

బొలుంబు కొత్త బట్ట కట్టుకుని బయలుదేరింది. కిన్షాసాలో ఆ బడికీ రేవుకీ ఒకటే దారి కావడం కొంప ముంచింది. ఎత్తు ఎక్కుతుంటే బండి ఉన్నట్టుండి తేలికైంది. వెనక్కి చూస్తే, రేవులో బళ్ళు తోసే న్జూజి.

"చెయ్యి తియ్యి తమ్ముడూ, బడికెళ్తున్నా."

"బడికా! ఈ వయసులో ఏ తరగతమ్మా? పడవ కూత వేసేసింది, గట్టిగా పట్టుకో!"

బడి గేటు రాగానే ఆమె బ్రేకు వేసింది. చక్రం బిగిసిందనుకుని అతను ఇంకా గట్టిగా తోశాడు.

వికలాంగుల బండి మీది సరుకుకు రేవులో సుంకం తక్కువ. అందుకే బట్టల వ్యాపారి ఎలికియా ఆమెను చూడగానే, "దేవుడే పంపాడు నిన్ను!" అంటూ చుట్టూ మూటలు పేర్చేసింది.

"అక్కా, ఇవాళ నేను రావట్లేదు! నా కూతురు..."

"దానికేమే, బంగారం!"

తక్కిన మాట మూటల వెనక మునిగిపోయింది. ఏనాడూ దారివ్వని జనం ఆ రోజే పక్కకు తప్పుకున్నారు. "అమ్మను ముందు పోనివ్వండి!" అని జవాను కూడా అరిచాడు. ఏళ్ళ తరబడి ఆమె ఎదురుచూసిన మర్యాద రాక రాక ఇవాళే వచ్చి, ఆమెను పడవెక్కించింది.

తీరా ఎక్కాక ఇంజను మొరాయించింది. దిగిపోదామంటే చుట్టూ మూటలూ జనమూ, బండి కదిలే చోటు లేదు. అక్కణ్ణుంచి బడి రేకుల కప్పు కనబడుతూనే ఉంది. పది దాటింది. పదకొండూ దాటింది. ఎవరి పద్యానికో చప్పట్లు వినబడ్డాయి. ఆ రేకుల కింద తనకూ ఒక చోటుండాలని ఎంత తపించిందో ఆమెకే తెలుసు. మూటలో మొహం దాచుకుని ఏడ్చింది.

"అమ్మా!"

ఎదురుగా యూనిఫాంలో ప్లమెడీ.

"నువ్వు రాలేదని నేను చెప్పనేలేదు. గేటు దగ్గర ఏడుస్తుంటే, మూడు చక్రాల బండమ్మ కూతురివా అని ఒకాయన ఎత్తుకొచ్చి ఎక్కించేశాడు."

సరిగ్గా అప్పుడే ఇంజను అందుకుంది. "దించండి! దించండి!" అని తల్లీకూతుళ్ళు చేతులూపారు. ఒడ్డున న్జూజి వీడ్కోలనుకుని తనూ రెండు చేతులూ ఊపాడు.

నది మధ్యలో ప్లమెడీ మూట మీద నిలబడి, తడబడకుండా పద్యం చెప్పింది. తలెత్తితే అమ్మ కనబడింది. పడవంతా చప్పట్లు కొట్టింది. బొలుంబూ కొట్టింది కానీ, మొదటి వరసలో తన చోటు ఖాళీగా ఉండిపోయిందన్న బెంగ తీరలేదు.

అవతలి ఒడ్డున మూటలు దించగానే, కొత్తవాడెవడో యూనిఫాంలో ఉన్న పిల్లను చూసి బండి వెనక చెయ్యి వేశాడు.

"బడికి ఆలస్యమైందా అమ్మా? గట్టిగా పట్టుకో!"

ఈసారి బొలుంబు బ్రేకు వెయ్యలేదు.