ఘానా పాటకు జైహింద్

ఆ ఉదయం శారదాదేవి ఏర్పాట్లలో లోపమేమీ లేదు. పెట్టె సర్దేసింది. పూజ ముగించింది. పది, పదకొండు మధ్య రావలసిన ఫోను కోసం వంటింట్లో స్టూలేసుకుని కూర్చుంది. కూతురు ఊర్మిళను చూడటానికి రెండు నెలలకని ఫిబ్రవరిలో జర్మనీలోని హైడెల్‌బర్గ్ వచ్చిన మనిషి, కరోనాతో విమానాలు ఆగిపోయి జులై దాకా ఉండిపోయింది. ఇప్పుడు ప్రత్యేక విమానంలో ఒక సీటు ఖాళీ అయిందట. ఫోనులో ఔనంటే చాలు. పంద్రాగస్టుకు కాకినాడలో ఉండాలని ఆవిడ పంతం. ముప్ఫై ఒక్క ఏళ్ళు మునిసిపల్ స్కూలు పిల్లలకు దేశభక్తి గీతాలు నేర్పిన టీచరు మరి. పైగా కూరగాయల బండివాడితో తెలుగులో నోరారా బేరమాడి ఆరు నెలలైంది. ఆ బెంగతో అన్నం సహించడం లేదు.

ఊర్మిళ ఆన్‌లైన్ మీటింగుకు గది తలుపు వేసుకుంటూ తన ఫోను కూతురు ఈషాకిచ్చింది. "పాట రికార్డ్ చేస్కో. కాల్ వస్తే అమ్మమ్మకివ్వు."

తొమ్మిదేళ్ళ ఈషా పిల్లల బృందగానంలో పాడుతుంది. నేర్పేది ఘానా నుంచి వచ్చిన కోఫీ మాస్టారు. కరోనా వల్ల కలిసి పాడే వీలు లేదు కనుక, ఆయన చిన్నప్పుడు బడిలో పాడిన దేశభక్తి గీతాన్ని పిల్లలు ఎవరింట్లో వాళ్ళు పాడి పదకొండున్నరలోగా పంపాలి. మధ్యలో కాల్స్ రాకుండా ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టమన్నాడు. ఈషా గురువు మాట జవదాటే పిల్ల కాదు.

మొదటిసారి పాట చక్కగా సాగింది. అయీ అవగానే వంటింట్లోంచి "జైహింద్!" అని కేక వినిపించింది.

"అమ్మమ్మా! ఇది ఘానా సాంగ్!"

"దేశభక్తి గీతమేగా తల్లీ! అయ్యాక జై కొట్టకపోతే నా నోరు ఊరుకోదే!"

రెండోసారి కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ అలాంటి పాట కూర్చుని వినడం ఆవిడ వల్ల కాదు. దిగ్గున లేచేసరికి స్టూలు బోర్లాపడింది. మూడోసారి, ఆ చప్పుడేమిటని కిందింటాయన వచ్చి బెల్లు కొట్టాడు. నాలుగోసారికి ఈషా ఆవిడను బాల్కనీలోకి పంపి తలుపేసింది.

"ఫోనొస్తే పిలుస్తావుగా?"

"యా, యా. బిట్టె, ప్లీజ్ అమ్మమ్మా!"

ఆవిడ అద్దాల తలుపు అవతల వింటూ నిలబడింది. భాష ఒక్క ముక్క తెలియదు. అయినా ఎవరో తమ ఊరిని తలుచుకుంటున్నారని తెలిసిపోయింది. ఆవిడకు కాకినాడ గుర్తొచ్చింది. పాట ముగియగానే వీధంతా వినపడేలా "జైహింద్!" అనేసింది.

గడువుకు అయిదు నిమిషాలుంది. ఈషా నిట్టూర్చి, ఫ్లైట్ మోడ్ తీసేసి, అదే వీడియో పంపేసింది. వెంటనే ఫోను టింగుటింగుమంది. నాలుగు మిస్డ్ కాల్స్, ఒక మెసేజ్. జవాబు లేనందున సీటు తర్వాతివారికి ఇచ్చారట.

"ఎవర్నంటాం? అంతా నా నోటి మూలానే," అని శారదాదేవి పెట్టె మీద కూలబడి ఏడ్చింది.

సాయంత్రం కోఫీ ఫోను చేశాడు. చివర్లో ఆ కేక ఎవరిదని అడిగాడు. ఈషా భయపడుతూ చెప్పింది. ఆయన చెప్పిందంతా ఈషా తెలుగులో వినిపించింది.

"వాళ్ళ స్కూల్లో కూడా పాటయ్యాక టీచర్ ఇట్లనే అరిచేదట. ఆయన ఇంటికెళ్ళి టూ ఇయర్స్ అయిందట. ఆ వాయిస్ తియ్యనన్నాడు అమ్మమ్మా."

శారదాదేవి కళ్ళు తుడుచుకుంది. "పాపం, ఆ అబ్బాయిని భోజనానికి పిలవండే," అంది.

నలభైమంది పిల్లల పాట తయారై వచ్చింది. ఊర్మిళ దాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పంద్రాగస్టు నాటికి శారదాదేవి ఇంకా హైడెల్‌బర్గ్‌లోనే ఉంది. ఆవిడ జైహింద్ మాత్రం కాకినాడ చేరింది.