సత్తిరాజుగారికి శిక్ష కావలెను

"లంకపాలెం గ్రామస్థులకు తెలియజేయడమేమనగా, శ్రీ సత్తిరాజుగారు వచ్చే గురువారం ఉదయం వర్జ్యం వెళ్ళాక జైలుకు బయలుదేరుచున్నారు. కావున యావన్మందీ కాలవ రేవుకు వచ్చి సాగనంపవలెను."

నలభై ఒకటో సంవత్సరం వానాకాలంలో ఈ దండోరా విని ఊరు ఊరంతా పులకించిపోయింది. దేశం కోసం జైలుకు వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు గాని, వర్జ్యం చూసుకుని వెళ్ళే నాయకుడు సత్తిరాజుగారొక్కరే.

అసలు సంగతేమిటంటే, జిల్లా బోర్డు ఎన్నికలు ఎప్పుడొచ్చినా సరే, జైలు గేటు దాటి లోపలికి వెళ్ళినవారికే సీటిస్తామని తాలూకా పార్టీ పెద్దగారు సభలో ప్రకటించారు. పక్క వీధి దుర్గారావు అప్పటికే వెళ్ళి లోపల కూర్చున్నాడు. అది విన్న రాత్రి సత్తిరాజుగారికి దేశభక్తి ఆగలేదు. మర్నాడే పోలీసువారికి ముందస్తుగా కబురంపి, సంతలో అరటిగెలల మధ్య నిలబడి, "ఈ యుద్ధానికి సాయం చేయడం పాపం" అని అరిచారు. ఎస్సైగారు ఆలస్యంగా వచ్చి, "క్షమించండి, నేను వినలేదండి" అంటే, పాపం ఆయన కోసం మళ్ళీ ఓమాటు అరిచారు.

మేజిస్ట్రేటుగారు విచారణ జరిపి, "నేరం రుజువైంది. శిక్ష గురువారం చెబుతాను. అంతవరకూ ఇంటికి వెళ్ళి రండి" అన్నారు.

గురువారం నాటి వైభవం ఇంకో ఊరు ఎరగదు. సన్నాయి, డోలు, హారతులు. సత్తిరాజుగారి మెడలో వేసిన బంతిపూల దండల బరువుకు పడవ ఓ పక్కకు ఒరిగితే, పడవ సరంగు తాతబ్బాయి రెండో పక్కన కొబ్బరికాయల బస్తాలు వేసి సరిచేశాడు. జైల్లో తిండి ఎలా ఉంటుందోనని ఇల్లాలు సత్యనారాయణమ్మగారు తెల్లవారుజామునే పనసపొట్టు కూరా, పెరుగు గారెలూ, పూర్ణాలూ చేసి, ఆర్నెల్లకు సరిపడా ఒక్క పూటలోనే పెట్టేశారు. సత్తిరాజుగారు బీరువా తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, "దేశం పిలిచింది, సత్యం! వెళ్ళొస్తాను" అన్నారు.

సాయంత్రానికి వచ్చేశారు.

"అదేంటండీ!" అన్నారు ఆవిడ.

"కలెక్టరుగారు అటుగా వెళుతున్నారని మేజిస్ట్రేటుగారు దణ్ణం పెట్టడానికి వెళ్ళేరు. వాయిదా."

పై గురువారం మళ్ళీ సన్నాయి, మళ్ళీ పూర్ణాలు. ఆ రోజు మేజిస్ట్రేటుగారికి పన్ను పోటు. ఆ పై వారం కోర్టు గుమాస్తాగారింట్లో సీమంతం, కోర్టు కాగితాల బీరువా తాళం ఆయన మొలలో ఉంది. ఇలా దేశం పిలవడం, ఈయన వెళ్ళడం, కోర్టు పొమ్మనడం. కార్తీకం వచ్చేసరికి సన్నాయివాళ్ళు పెళ్ళిళ్ళకు పోయారు. దండలు ఎండిపోతే వాటినే నీళ్ళు చల్లి వేసేవారు. సాగనంపడానికి రేవులో తాతబ్బాయి ఒక్కడే మిగిలాడు, అదీ పడవ అతనిది గనుక.

"అయ్యగారూ, రానూపోనూ మాటాడేసుకుందావాండీ?" అని అడిగాడు ఓ రోజు.

"నోర్ముయ్! రావడమని ఎవడన్నాడు? పోవడం ఒక్కటే."

"ఆయ్. అలాగేనండి. సాయంత్రం రేవులో ఉంటానండి."

ఇంటి దగ్గర సంగతి మరీ చిత్రం. తాళాలు సత్యనారాయణమ్మగారి బొడ్లోంచి బయటికి రాలేదు. కొబ్బరి దింపు కార్మికులు ఆవిడనే అడుగుతున్నారు, పాలేర్లు ఆవిడకే చెబుతున్నారు. వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ మళ్ళీ భోజనానికి వస్తుంటే చుట్టం కింద లెక్కకట్టడం తప్ప చేసేదేముంది?

"ఏవండీ, ఈ గురువారమైనా ఖాయమేనాండీ?" అని అడిగేవారావిడ. "ఖాయమైతేనే పప్పు నానబోస్తానండి. ఊరికే రుబ్బలేక చేతులు పడిపోతున్నాయి."

సత్తిరాజుగారు బిక్కచచ్చిపోయారు. అటు దుర్గారావు లోపల హాయిగా శిక్ష అనుభవించేస్తున్నాడు. ఇటు తనకు జిల్లా బోర్డు చేజారిపోతోంది.

చివరికి మేజిస్ట్రేటుగారు ఓపిగ్గా కూర్చున్న రోజున, సత్తిరాజుగారి వంక చూసి జాలిపడ్డారు. "మీరు పెద్దమనుషుల్లా ఉన్నారు. ప్రొబేషన్ చట్టమని ఒకటుంది. ప్రొబేషన్ ఆఫీసరుగారు మీ ఊరొచ్చి నడవడి వాకబు చేస్తారు. మంచివారని రిపోర్టు వస్తే జైలు లేకుండా వదిలేద్దాం" అన్నారు.

సత్తిరాజుగారికి కళ్ళు తిరిగాయి. మంచివాడని తేలితే బతుకు బుగ్గే!

ఆ రాత్రికి రాత్రి గడప గడపా ఎక్కి బతిమాలారు. "నా గురించి నాలుగు చెడ్డమాటలు చెప్పండి బాబూ, పుణ్యముంటుంది." ఎవరూ ఒప్పుకోలేదు. "మీ అంత వారిని పట్టుకుని అలా అనడానికి మాకు నోరెలా వస్తుందండీ?" అని అందరూ చేతులు జోడించారు. ఇక మిగిలింది పొరుగింటి వీరాయమ్మ. సరిహద్దు తడిక జరిపాడని ఆవిడ రోజూ పొద్దున్నే తూర్పుకు దణ్ణం పెట్టి, ఈ ఇంటి వేపు తిరిగి సత్తిరాజుగారిని తిట్టాకగాని పళ్ళు తోముకోదు. ఆవిణ్ణి బతిమాలక్కర్లేదు. అయినా ముందు జాగ్రత్తగా సత్తిరాజుగారు తడికని ఇంకో మూర అటు జరిపించారు.

ప్రొబేషన్ ఆఫీసరు కృష్ణమూర్తిగారు కోటు వేసుకుని, గొడుగు పట్టుకుని దిగారు. సత్తిరాజుగారే వెంటబెట్టుకుని వీరాయమ్మ వాకిట్లోకి తీసుకెళ్ళారు.

"అమ్మా, ఈ సత్తిరాజుగారు ఎలాంటి మనిషి?" అన్నారు ఆఫీసరుగారు.

వీరాయమ్మ కొంగు కప్పుకుని, మంచం వాల్చి, బొండం కొట్టించి ఆయన చేతికిచ్చింది. "మా సత్తిరాజుగారాండీ? బంగారమండి బాబూ! ఇలాంటి పొరుగు దొరకడం మా పూర్వజన్మ సుకృతమండి."

 సత్తిరాజుగారు ముందుకు దూకి, "ఏవమ్మా, నిన్న పొద్దున్న నన్ను పాడెక్కినోడా, సచ్చినోడా అని ఎన్నన్నావు!" అని అరిచారు.

"అది మనలో మన మాట కదండీ," అంది వీరాయమ్మ సిగ్గుపడుతూ. "పైవూరి ఆఫీసరుగారి ముందు మన మడిసిని తీసి పారేస్తానాండీ? ఊరి పరువేం కావాలి?"

లాభం లేదని సత్తిరాజుగారు తెగించారు. "ఆఫీసరుగారూ, నేను తాగుతానండి. పేకాడతానండి. తడిక జరిపి ఈవిడ స్థలం కాజేసింది నేనేనండి."

కృష్ణమూర్తిగారు దగ్గరకొచ్చి వాసన చూస్తే మజ్జిగ కంపు తప్ప ఏమీ లేదు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, గద్గదంగా, "ఇంత పశ్చాత్తాపం నా సర్వీసులో చూడలేదు" అని రాసుకుని వెళ్ళిపోయారు.

రిపోర్టు కోర్టుకు చేరడానికి మళ్ళీ కొన్ని వారాలు పట్టింది. ఆఖరి వాయిదా నాడు మేజిస్ట్రేటుగారు అది చదివి చిరునవ్వు నవ్వారు.

"సత్తిరాజుగారూ, సత్ప్రవర్తనతో ఉంటానని ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టి, సంతోషంగా ఇంటికి వెళ్ళండి."

"పెట్టకపోతేనోనండీ?"

"పెట్టకపోతే మూడు నెలలు జైలు."

"మరా ముక్క వానాకాలంలోనే సెలవియ్యొచ్చు కదండీ!" అని సత్తిరాజుగారు కలాన్ని దూరంగా నెట్టేశారు. కోర్టు హాల్లోనే ఆనందబాష్పాలు రాలాయి. శిక్ష పడినందుకు మేజిస్ట్రేటుకు సాష్టాంగపడిన ముద్దాయి ఆయన ముందూ లేడు, తర్వాతా లేడు.

మర్నాడు ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయన్ని గోదావరి దాటించి పెద్ద జైలుకు తీసుకెళ్ళారు. గేటు ముందు జనం తిరనాళ్ళలా ఉన్నారు. జైలరుగారు వారెంటు చూసి నెత్తి కొట్టుకున్నారు.

"ఇవాళ సత్యాగ్రహులందర్నీ వదిలేయమని పైనుంచి తంతి వచ్చిందయ్యా! ఇప్పుడు మిమ్మల్నేం చేసుకోను?"

"లోపలికి రానివ్వండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి గేటు దాటాలండి."

జైలరుగారు ధర్మాత్ములు. చిన్న తలుపు తీసి, లోపలికి రానిచ్చి, పేరు రాసుకుని, అదే కలంతో కొట్టేసి, విడుదలయ్యేవాళ్ళ వరసలో నిలబెట్టారు. అందరికన్నా వెనక వచ్చిన మనిషి గేటుకు అందరికన్నా దగ్గర్లో నిలబడ్డాడు. పెద్ద తలుపు తెరుచుకోగానే తెల్లటి మడత నలగని ఖద్దరుతో, నిగనిగలాడే బుగ్గలతో సత్తిరాజుగారు అందరికన్నా ముందు బయటికి వచ్చారు. జయజయధ్వానాలు ఆకాశాన్నంటాయి. తెచ్చిన దండలన్నీ ఆయన మెడలోనే పడ్డాయి.

"ఇన్నాళ్ళ నిర్బంధంలోనూ ముఖంలో ఆ వర్చస్సు చూడండర్రా!" అన్నారు తాలూకా పార్టీ పెద్దగారు, కళ్ళు చెమర్చగా. "జిల్లా బోర్డుకు ఇంకొకరెందుకు?"

సత్తిరాజుగారి వెనకాలే, గడ్డం మాసి, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న మనిషి ఒకడు బయటికొచ్చి నిలబడ్డాడు. పెద్దగారు అతన్ని చూసి, "ఏమయ్యా, కాస్త ఈ దండలు పట్టుకో. వారు ఉపన్యసించాలి" అన్నారు. దుర్గారావు మర్యాదస్తుడు. "ఆయ్" అని అందుకున్నాడు.

సత్తిరాజుగారు చేతులెత్తి జనాన్ని ఊరుకోబెట్టారు.

"సోదరులారా! ఆ చీకటి గోడల మధ్య నేను గడిపిన..."

అక్కడ ఆయన ఆగి, గేటు పైనున్న గడియారం వంక చూశారు. ఎంత ప్రయత్నించినా తర్వాతి మాట బయటికి రాలేదు. జనం బావురుమన్నారు.