పోలయ్య మోకాలు

సోమవారం ఉదయం ఏడు గంటలకు, బాగా నడవగల పోలయ్యను నలుగురు డోలీలో కొండ దింపారు.

పోలయ్యకు అరవై రెండేళ్లు. అరకు పైన కొండవాలులో కాఫీ తోట ఉంది. దసరా తర్వాత నుంచి రాత్రిళ్లు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. కారణం డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియకూడదని, ఆ ఉదయం ఒక్కడే ఆసుపత్రికి బయలుదేరాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికయ్యా?" అని భార్య యర్రమ్మ గుమ్మంలో అడిగింది.

"ఆసుపత్రికి. మోకాలు నొప్పి."

పక్కింటి బుధు ఆ మాట విన్నాడు. కాలు బాగోలేని మనిషిని ఆ ఊరు నడిచి దిగనివ్వదు. రోడ్డు లేదు కాబట్టి ఇంటికొకరు భుజం పట్టాలి. కుర్రాళ్లు కాఫీ కోతకు పోవడంతో, పోలయ్య ఈడు వాళ్లే వెదురుబొంగుకు దుప్పటి కట్టారు.

"నేను నడుత్తాను బావా."

"నడిస్తే రెండో మోకాలూ పోద్ది. బేగి ఎక్కు."

ఎక్కాడు. అంబలి నింపిన సొరకాయ బుర్ర పట్టుకుని యర్రమ్మ వెనక నడిచింది. వాగు దగ్గర బుధు చీలమండ బెణికింది. అయినా డోలీ దించలేదు.

ఆసుపత్రిలో డాక్టరు మాధవి చిన్న సుత్తితో పోలయ్య మోకాలి కింద తట్టింది. కాలు ఎగిరి ఎదురుగా నిలబడ్డ బుధు పొట్టకు తగిలింది.

"మోకాలికేం లేదు తాతా."

మోసినవాళ్లు పోలయ్య వైపు చూశారు.

"బాగుంటే మాసేత మోయించావేటి?" అన్నాడు బుధు. "రేపు మీ ఇంట్లో ఎవరికి బాగోకపోయినా భుజం పట్టీదెవడు?"

పోలయ్య నేలచూపులు చూస్తూ, అసలు సంగతి చెప్పేశాడు.

యర్రమ్మ అంది, "నామీద కోపమనుకున్నాను. ఈ మాట ముందే సెప్తే ఇంతమందిని మోయించేపని లేదు గదా."

రక్తం పరీక్షలో షుగరు ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

"ఈ ఇబ్బందికి చాలాసార్లు షుగరే కారణం" అంది డాక్టరు. "మందులున్నాయి. సంతలో మగతనానికని అమ్మే పొడులు మాత్రం తినకు."

"ఎర్ర డబ్బాలో పొడేనా డాక్టరమ్మా?" అన్నాడు బుధు.

"నీకెలా తెలుసు?"

"ఎవరో అనుకుంటంటే విన్నాను."

మిగతా ముగ్గురు కిటికీలోంచి బయటికి చూశారు.

తిరుగుదారిలో డోలీలో బుధు ఉన్నాడు. వెదురుబొంగు ముందు కొస పోలయ్య మోశాడు.

మరుసటి సోమవారం ఆ ఊరి నుంచి ఆరుగురు మగవాళ్లు మోకాలి నొప్పని ఆసుపత్రికి వచ్చారు. అందరూ నడిచే వచ్చారు.