మొక్క నాదే, రక్తమూ నాదే

మొక్కల శాస్త్రాన్నీ మనిషి రోగనిరోధక శక్తినీ కలిపి పీహెచ్‌డీ చేసే అవకాశం వస్తే కళ్ళు మూసుకుని చేరిపోండి. జనం ఒక్క గైడు కోసం వరండాల్లో పడిగాపులు కాస్తున్న రోజుల్లో మనకు ఏకంగా ఇద్దరు! అనుభవంతో చెబుతున్నాను. నాది ఆరో ఏడు.

నా గైడుల్లో ఒకరు మొక్కల సార్, ఇంకొకరు రక్తం మేడం. సార్ దృష్టిలో మనిషంటే మొక్కను తొక్కేసే జంతువు. మేడం దృష్టిలో మొక్కంటే దారికి అడ్డంగా ఉండే కుండీ. ఇద్దరివీ వేరు వేరు భవనాలు. మధ్య దూరాన్ని ఇద్దరి తరఫునా నేనే నడుస్తాను. ఒంటికి మంచిదే కదా?

మా పరిశోధన చెప్పడానికి సులువే. ఒక కలుపు మొక్క పుప్పొడి మనిషి రక్తంలోని రక్షక కణాలను రెచ్చగొడుతుందా, లేదా? మొక్కను పెంచాలి, పుప్పొడి దులపాలి, రక్తంలో కలిపి చూడాలి. ఎవరి రక్తంలో? చేరిన వారంలోనే అడిగాను.

"ప్రస్తుతానికి నీదే వాడమ్మా," అన్నారు మేడం.

ఆ ప్రస్తుతం నాలుగేళ్ళు నడిచింది. ఎంత సదుపాయమో చూడండి. దాతను వెతకక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. పొద్దున గ్రీన్‌హౌస్‌లో తోటమాలిని, పదింటికి దాతను, పదకొండింటికి శాస్త్రవేత్తను. సెలవు పెడితే ముగ్గురమూ ఒకేసారి పెట్టాలి కాబట్టి పెట్టలేదు. "ఇంతకీ నువ్వు మొక్కల డాక్టరువా, మనుషుల డాక్టరువా?" అని పిన్ని అడిగితే, రెండూనని గొప్పగా చెప్పుకున్నాను.

ఫలితాలూ అలాగే వచ్చాయి. మొదటి ఏడు కణాలు కదల్లేదు. రెండో ఏడు కాస్త కదిలాయి. నాలుగో ఏటికి వీరంగం వేశాయి. అదంతా తన మొక్క మహిమ అన్నారు సార్. తన పద్ధతి మహిమ అన్నారు మేడం. నేను ముక్కు తుడుచుకుంటూ గ్రాఫులు గీశాను. పొద్దస్తమానం తడిలో ఉండి జలుబు చేసిందనుకున్నాను.

పోయిన నెల థీసిస్ పరీక్షించడానికి బయటి నుంచి ఒక ప్రొఫెసరు వచ్చారు. మూడు వందల పేజీలు తిరగేసి రెండే ప్రశ్నలు వేశారు.

"ఈ రక్తం ఎవరిదమ్మా?"

"నాదే సార్."

"ఆ మొక్కలకు నీళ్ళు పోసేదెవరు?"

"నేనే సార్."

ఆయన పెన్ను మూత పెట్టేశారు. తరవాత ఇంకో పదిమంది రక్తంతో చేసి చూస్తే ఒక్క కణమూ ఉలకలేదు. ఏళ్ళ తరబడి ఆ పుప్పొడి పీల్చి నాకు ఎలర్జీ పట్టుకుంది. నేను కనిపెట్టింది దాన్నే. థీసిస్ చెల్లదన్నారు. ఆ మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అదీ ఎలర్జీయే అయ్యుంటుందని అటెండరు సర్దిచెప్పాడు.

గైడులు మాత్రం డీలా పడలేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఒకే గదిలో కూర్చుని, పరిశోధన మళ్ళీ మొదలుపెట్టడానికి కొత్త స్కాలర్ కావాలని ప్రకటన రాశారు. పని తెలిసినదాన్ని కదా, దరఖాస్తు నేనే పెట్టుకుంటానన్నాను. సార్ మొహమాటపడుతూ ఆఖరి నిబంధన మీద వేలు పెట్టి చూపించారు. అభ్యర్థికి సదరు మొక్క ఎలర్జీ ఉండరాదు.

కాబట్టి మీరు ఆలస్యం చేయకండి. అర్హత గురించి బెంగ వద్దు. చేరేటప్పుడు ఆ అర్హత నాకూ ఉండేది.