ఆరువందల పదిహేడో చుక్క

దోమలు మదపుటేనుగులై ఘీంకరించు జూలై మాసమున, మా సుపీరియర్ సరోవర దక్షిణతీరమున, ఒకానొక శనివారపు మధ్యాహ్నము జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను, చెవులొగ్గుడు. ఇందులో ఒక్కముక్క బొంకినను నా పండ్లన్నియు రాలిపోవుగాక!

మనుష్యులకు వదలినచో బండి నిలుపుకొనుటకు నీడయున్న చోటనే సరస్సు ఆరోగ్యము కొలుతురని యెరిగిన పండితులు, ఆ పని కంప్యూటరుకు అప్పగించిరి. అది పాచికలు వేసి, నీరు కొలువవలసిన చోట్లకు గుర్తుగా, తీరపటమంతటను తొమ్మిదివందల చుక్కలు చల్లగా, ఆరువందల పదిహేడవది ఎనుబదియేండ్ల ఐనో హెయిక్కినెన్ అవ్వగారి ఆవిరిగదిలో పడెను.

పంకవిజయ, జలూకాభయంకరి, సర్వేక్షణధురంధర యగు రొవీనా ట్రాస్క్ దానికై బయలుదేరెను. శాసనమేమనగా: చుక్కపై నిలిచి, నీరు లేదని కన్నులారా చూచి వ్రాసిననే, దానికి బదులుగా తరువాతి చుక్కకు పోవలెను; అది నలుబది అడుగుల దూరమున, పరాయి రెల్లు మ్రింగుచున్న అఖాతములో నున్నది. నేటితో గడువు సరి. తప్పినచో అఖాతము పట్టికనుండి తొలగును, రెల్లును కోయించు నాథుడుండడు. మూడేండ్లుగా ఆమె కోరినది ఆ యొక్క కోతయే.

ద్వారము తెరచి, రబ్బరుబూట్లతో నిలిచి, రొవీనా గర్జించెను: "మాతా! చుక్కపై పాదము మోపక మరలను! సూర్యుడు గ్రుంకనీ, సరస్సు పొంగనీ..."

"ముందు తలుపెయ్యవే పిల్లా, ఆవిరంతా పోతోంది! బూట్లు బయట విడు. ఒక విడత చెమట పట్టకుండా ఇక్కణ్ణుంచి ఎవ్వరూ వెళ్ళరు."

"నీళ్ళున్నాయో లేవో చూసి పోతానవ్వా."

"అంత సరస్సు బయట పెట్టుకుని, నీళ్ళు వెతకడానికి నా ఆవిరిగదిలోకి పంపారా నిన్ను? ఎవడా తెలివైనోడు?"

"మనిషి కాదవ్వా, కంప్యూటరు."

"అదేలే. దానికి ఒళ్ళు కాలదుగా!"

పండ్ల మీద ఒట్టు పెట్టితిని గదా. అవి రాలి పదేండ్లాయెను, కావున నిర్భయముగా చెప్పెదను: ఆ గదిలో లంకాదహనము చలికాచుకొనును. కళ్ళజోడు మసకబారెను, చుక్కను చూపు చేతియంత్రము చెమర్చెను, కాగితము మెత్తబడెను. అయినను వీరాంగన మోకాళ్ళపై ప్రాకి, ప్రాకి, బల్ల క్రింద చుక్కను పట్టెను. హా! దానిపై సరిగ్గా చెక్కబాల్చీ. అందులో జానెడు నీరు!

"అయ్యో, నీళ్ళున్నాయి! ఉన్నదే రాయాలి నేను. ఇంక పదేళ్ళపాటు ప్రతి జూలైలో నలుగురు వలలేసుకుని ఇక్కడికొస్తారు."

"అది బాల్చీయే తల్లీ!"

"రూలులో 'నీరు' అనే ఉందవ్వా. 'బాల్చీ తప్ప' అని లేదు."

"నలుగురా? నేను ఆవిరి పట్టుకునే శనివారాలు కూడానా?"

"ఏ రోజైనా."

అవ్వ బాల్చీ నెత్తి, నీరంతయు నిప్పులై కాగిన రాళ్ళపై కుమ్మరించెను. కాలమేఘగర్జనతో ఆవిరి లేచెను. వీరలిద్దరును నేలకరచిరి.

"ఇప్పుడు చూడు. ఉందా?" అని అవ్వ నేలమీదనుండియే యడిగెను.

నఖశిఖపర్యంతము ధారలై కారుచున్న రొవీనా, ముక్కుకొననుండి కాగితముపై బిందువులు రాలుచుండగా, వ్రాసెను: "ఇచట నీరు లేదు."

జయము! తొమ్మిదివందలలో ఒక చుక్క నలుబది అడుగులు జరిగెను! అఖాతమున వేయి బాతులు రెక్కలు చరచి జయజయధ్వానములు చేసెను.

వేయి బాతులన్నది మాత్రం నా కల్పన. ఉన్నవి రెండే. అవీ అటు తిరిగి ఉన్నాయి.